తడి గోనెసంచి పరిచిన సీటు

ఇన్నాళ్లూ ఈ సంగతి నన్నెవరూ అడగలేదు. నేను చెప్పబోతే ఎవరూ వినలేదు.

రెంటచింతలలో మా ఎదురింటి మామ ఒక పాత స్పోర్ట్స్ కారును ఇంటి వసారాలో పెట్టుకుని బాగుచేశాడు. ఎర్రటి కారు, పైకప్పు లేదు, ఉన్నవి రెండే సీట్లు. విప్పిన ప్రతి సామానూ కిరోసిన్‌తో కడిగింది నేను.

"ఈ తుప్పు ఎప్పటికి కదిలేది మామా?" అంటే, "కదిలిననాడు ముందు నిన్నే ఎక్కిస్తాలేరా" అనేవాడు.

కదిలిన రోజు నేను ఎక్కబోతుంటే మామ సీటు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. మా ఊరి ఎండకు అది పెనంలా ఉంది. "ఆగరా, ఇంకా కాలుతుంది" అని లోపలికి వెళ్లి తడి గోనెసంచి తెచ్చి పరిచాడు. ఇంతలో అత్త వచ్చి, చర్చికి టైమైందంటూ అందులో కూర్చుంది.

"నువ్వు రేపెక్కుదువులే" అన్నాడు మామ నవ్వుతూ.

నేను మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఆ తర్వాత ఆయన మిరప చేనుకు రోజూ ఆ కారులోనే వెళ్లేవాడు. మా గుమ్మం ముందు ఆపి, పక్క సీటు మీద అరచెయ్యి ఆనించి చూసి, కాసేపుండి పోయేవాడు. నేను కిటికీలోంచి చూస్తుండేవాణ్ని. ఆ ఇంజను చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఆయన పోయాక అత్త అంది: "రోజూ నీకోసమే సంచి తడిపేవాడురా. నువ్వే రాకపోతివి. ఏందిరా అంత మొండితనం?"

సరే, తడిపాడు. ఆ కారు హారన్ బాగుచేసింది కూడా నేనే, చక్కగా మోగేది. ఒక్కసారి కొట్టి పిలిస్తే ఏం పోయేది? అత్తా, నువ్వైనా జవాబు చెప్పు.