ఆ సెమీఫైనల్ ఓడించింది మా మరిది కాదు

మొన్న గురువారం పొద్దున్నే మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటుంటే మా తోడికోడలు ఫోన్ చేసింది. "అక్కా, టీ పెట్టి తెచ్చాను, ఆయన లేవట్లేదు" అంది. రెండిళ్ళ అవతలే. నేను వెళ్ళేసరికి గ్లాసులో టీ ఇంకా వేడిగానే ఉంది. మా మరిదిలో ప్రాణం లేదు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మన నేతపేట ఫుట్‌బాల్ టీం ఆడిన పెద్ద మ్యాచ్‌ల గురించి అభిమానులు తలా ఒక పేజీ రాసి పుస్తకం వేస్తున్నారట. మా మరిది పేజీ నన్ను చెప్పమని టీం ప్రెసిడెంటుగారు మనిషిని పంపారు. "నాలుగు మంచి ముక్కలు చెప్పండమ్మా" అన్నాడు ఆ వచ్చినాయన. చెబుతాను. మీకు కావలసిన ముక్కలే అవుతాయని మాత్రం అనుకోకండి.

నేను కాపురానికొచ్చేసరికి మా మరిదికి పద్నాలుగేళ్ళు. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎప్పుడైనా ఎగిరి బయటికొస్తే, అది నేల తాకకముందే ఒంటి చేత్తో అందుకునేవాడు. అది చూసే గోల్‌లో నిలబెట్టారు. మ్యాచ్ రోజు చేతికి నూనె తగలనిచ్చేవాడు కాదు. తలకి నేను రాయాలి. పెసరట్టు కూడా చెంచాతో తినేవాడు. "పెళ్ళికొడుకువా ఏంటి" అంటే, "బంతి జారితే నువ్వే తిడతావుగా వదినా" అనేవాడు.

ఆటగాళ్ళ బనీన్లు ఉతికే పని నాది. అందుకే గ్రౌండ్‌లో గీత పక్కన నాకొక పీట. ఆ పీట వేయించింది కూడా అతనే. నేను తప్ప ఇంకో ఆడమనిషి వచ్చేది కాదు. "ఏం అమ్మాయ్, ఇంట్లో వంట లేదా?" అనేవాళ్ళు పేట పెద్దలు. "వండే వచ్చాను. మీ కెప్టెన్‌కి బంతి పక్కవాడికివ్వడం నేర్పి వెళతాను" అనేదాన్ని.

గన్నవరంలో క్వార్టర్ ఫైనల్ మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆటంతా అయిపోయినా గోల్ లేదు, పెనాల్టీలు పెట్టారు. చివరి కిక్ ఆపితే మనదే. మా మరిది బంతి వైపే చూడలేదు. ఎడమ పక్కకి పడి మోకాలితో ఆపాడు. ఎలా తెలిసిందిరా అంటే, "కాలు అబద్ధం ఆడుతుంది వదినా. నడుం ఆడలేదు. నేను వాడి నడుం చూశాను" అన్నాడు. బస్సు దిగాక కంకిపాడు సెంటర్ నుంచి పేట దాకా భుజాల మీద మోసుకొచ్చారు. మోసినవాళ్ళలో ఇప్పటి ప్రెసిడెంటుగారు ఉన్నారు. అప్పుడు ఆయనే కెప్టెన్.

తర్వాతి వారం బెజవాడలో సెమీఫైనల్. బెజవాడ జనం ముందు మనవాళ్ళు నలిగిన బట్టల్లో కనపడకూడదని నా పట్టుదల. మాది నేత ఇల్లు. నీళ్ళలోంచి తీసిన గుడ్డని గంజిలో ముంచకుండా ఆరేయడం మా చేతులకి తెలీదు. బనీన్లన్నిటికీ చిక్కటి గంజి పెట్టాను. ఆ ఊపులోనే మా మరిది గ్లౌజులకీ పెట్టాను. మనకి అప్పట్లో రబ్బరువి ఎక్కడివి, నేను కుట్టిన నూలు గ్లౌజులే. ఆరాక అట్టముక్కల్లా నిలబడ్డాయి. చూసి మురిసిపోయాను.

సెకండాఫ్‌లో జల్లు పట్టుకుంది. ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా ఒక చచ్చు బంతి వచ్చింది. నేనైనా ఆపేదాన్ని. మా మరిది రెండు చేతుల్లోకీ వచ్చిన బంతి, సబ్బుబిళ్ళ జారినట్టు జారి వెనక్కి పోయింది.

ఆట అయ్యాక మా మరిది కుళాయి కింద గ్లౌజులు పిండుతుంటే తెల్లటి జిగురు కారింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"గంజి పెట్టావా వదినా?"

"పెట్టాను."

గ్లౌజులు ఇంకోసారి గట్టిగా పిండాడు. "ఎవరితోనూ అనకు. ఆడదాని చెయ్యి పడి ఓడామంటారు, నిన్ను మళ్ళీ గ్రౌండ్‌కి రానివ్వరు. నువ్వు రాకపోతే రిఫరీని తిట్టేదెవరు?" అన్నాడు. నవ్వాడు కూడా.

తిరుగు బస్సులో కెప్టెన్ లేచి, "ఎవరికి అమ్ముడుపోయావురా?" అని అడిగాడు. మా మరిది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేను వెనక సీట్లో ఉన్నాను. రిఫరీల్ని హడలగొట్టిన నోరు నాది. ఆ రోజు లేవలేదు. పీట పోతుందని భయం. అంతే, ఇంకో కారణం లేదు.

మళ్ళీ అతన్ని ఆడనివ్వలేదు. అయినా రోజూ గ్రౌండ్‌కి వెళ్ళి గోల్ వెనక నిలబడి, బయటికి పోయిన బంతులు తెచ్చిచ్చేవాడు. టీ కొట్టు దగ్గర మీరంతా పాత మ్యాచ్‌లు చెప్పుకుంటుంటే, సెమీఫైనల్ దగ్గరికి వచ్చేసరికి తనే లేచి వెళ్ళిపోయేవాడు, మీకు ఇబ్బంది కాకుండా. ఒకసారి నేను, ఇవాళ చెప్పేస్తానన్నాను. "వద్దు వదినా. ఓడిపోవడానికి వాళ్ళకి ఒక మనిషి కావాలి. నేనున్నానుగా" అన్నాడు. ముప్పై ఏళ్ళు దాటింది. నేను పీట మీద కూర్చుని అరిచాను. అతను నా ఎదురుగా నిలబడి బంతులు ఏరాడు.

ఆదివారం సంతాపసభలో ప్రెసిడెంటుగారు దండ వేసి, "ఆ ఒక్క సెమీఫైనల్ సంగతి పక్కన పెడితే బంగారం లాంటి మనిషి" అన్నారు. లేచి మైకు అడిగాను. "పిన్నిగారూ, మీరు కూర్చోండి, పులిహోర వస్తోంది" అన్నారు సభ నడిపేవాళ్ళు.

ఇక్కడ మా కోడలు కలం ఆపేసింది. "అత్తయ్యా, ఇది అచ్చేస్తే పేటలో మీ మొహం ఎవరూ చూడరు" అంటోంది. రాయవే. అతని మొహం చూశారా ఇన్నాళ్ళూ?

ప్రెసిడెంటుగారూ, మీ పుస్తకంలో ఆ గోల్ ఎవరివల్ల పడిందో రాసేచోట నా పేరు వేయండి. అది వేయకపోతే అతని గురించి మంచి ముక్క ఒక్కటి కూడా వేయకండి. మీ బంగారం మాకొద్దు. నాది నేను ఒప్పుకున్నాను. బస్సులో అడిగిన మాట మీది. అది మీరు ఒప్పుకోండి.

ఆ గురువారం సాయంత్రం అతని పాడె గ్రౌండ్ పక్కనుంచే వెళ్ళింది. లోపల ప్రాక్టీస్ ఆపలేదు. ఆడవాళ్ళం మూల దాకా వెళ్ళి ఆగాం. ఎవరో తన్నిన బంతి గోడ దాటి రోడ్డు మీద పడి, మోసేవాళ్ళ కాళ్ళ మధ్యనుంచి దొర్లుకుంటూ నా దగ్గరికొచ్చింది. వంగి తీసుకున్నాను. గోడ మీదనుంచి ఆటగాళ్ళు చేతులు చాపారు. "పెద్దమ్మగారూ, బాల్ ఇలా వేయండి" అన్నారు. వినపడనట్టు నిలబడ్డాను. పాడె కాలవ వంతెన దాటి, మలుపు తిరిగి, డప్పు చప్పుడు కూడా సన్నబడేదాకా ఆ బంతిని కడుపుకి అదిమి పట్టుకునే ఉన్నాను.