తెల్లోడి పక్క జాగా

కొత్త పుస్తకాల కట్టకున్న పురికొస తెంపగానే సిరా వాసన గుప్పుమంది. పాశమైలారంలో ఒక వాసన ఇంకో వాసనను గెలవడం మామూలు విషయం కాదు. మా అంగన్‌వాడీ కిటికీ కాస్త తెరిస్తే చాలు, మందుల ఫ్యాక్టరీల ఘాటు లోపలికొచ్చి తిష్ట వేస్తుంది. అయినా నిన్న కాసేపు గదంతా సిరా, జిగురు వాసనే. నేను రాసి, బొమ్మలు వేసిన పిల్లల పుస్తకం రెండోసారి అచ్చయి వచ్చింది. ఎవరైనా ముందు తమ పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకుంటారు. నేను మాత్రం పన్నెండు పేజీలూ తిప్పి తెల్ల ఎద్దు ఏ పక్కన ఉందో చూసుకున్నాను. అన్ని పేజీల్లోనూ ఎడమ పక్కనే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. ఈ అలవాటు నాకు అంటించిన మనిషి మా ఆయా సత్తెమ్మ. ఆమెకు అక్షరం ముక్క రాదు.

మా వాళ్ళు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు. నాన్నది ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం. నేను క్వార్టర్స్‌లో పెరిగాను కాబట్టి ఎద్దును రోడ్డు మీద బండి లాగుతుంటే చూడటమే తప్ప దాని పక్కన నిలబడి ఎరగను. పెళ్ళయ్యాక ఈ ఊళ్ళో అంగన్‌వాడీ టీచరుగా చేరాను. మా పిల్లల్లో సగానికి పైగా బీహారు, ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లలు. ట్యాంకరును, క్రేనును గుర్తు పడతారు గానీ గొర్రెను చూపిస్తే కుక్క అంటారు. అందుకే పాత క్యాలెండర్ల వెనక వైపు రంగులతో బొమ్మల పుస్తకాలు చేయడం మొదలుపెట్టాను. కోడి, బాతు స్నేహం ఒకటి, మేకపిల్ల, దూడ స్నేహం ఒకటి. గొప్పగా వేస్తున్నానని నాకు నేనే మురిసిపోయేదాన్ని.

సత్తెమ్మకు అప్పటికి అరవై దగ్గర పడుతున్నాయి. వాళ్ళది ఈ ఊళ్ళో తరాలుగా సేద్యం చేసిన కుటుంబం. భూమి ఫ్యాక్టరీలకు పోయింది. తన పొలం ఉన్నచోట లేచిన షెడ్డులోనే ఆమె కొడుకు షిఫ్టుల్లో పనిచేసేవాడు. ఆమె మాత్రం మా దగ్గర పిల్లలకు వండిపెట్టేది. మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయాక ఇద్దరం గడప మీద కూర్చునేవాళ్ళం. ఆమెకు ఎడమ చెవి సరిగ్గా వినపడదు కనుక నేనెప్పుడూ ఆమెకు కుడి పక్కనే కూర్చోవాలి. ఒకరోజు అలాగే కూర్చుని, ఎడ్ల జత మీద వేస్తున్న పుస్తకం ఆమె ఒళ్ళో పెట్టాను. ఒకటి తెల్లది, ఒకటి నల్లది. బాగుందంటుందని ఎదురుచూస్తున్నాను.

"ఏంది మేడం, గీ తెల్లది ఈడుంది. మల్ల గీ పేజీల ఆ పక్కకెట్ల వొయ్యింది?"

"ఏ పక్కనుంటే ఏముంది సత్తెమ్మగారూ, రెండూ ఎడ్లేగా!"

"గట్లనకు. దాపటెద్దు దాపటే ఉంటది, ఎలపటెద్దు ఎలపటే. కోడెగ ఉన్నప్పుడు ఏ పక్క అలవాటైతే సచ్చేదాంక గదే పక్క. మార్చి కడితే అడుగు ముంగటికెయ్యదు."

దాపట అంటే ఎడమ, ఎలపట అంటే కుడి అని ఆమె చేతులూపి చూపిస్తే అర్థమైంది. తప్పు ఒప్పుకుంటే నేను టీచరునెలా అవుతాను? ఆ పేజీలో ఎడ్లను ఎదురుగా నిలబడి చూసినట్టు వేశానని, అందుకే పక్కలు మారాయని అప్పటికప్పుడు ఒక అబద్ధం అల్లాను.

సత్తెమ్మ నవ్వింది. "ఎదురుంగ నిలబడి సూసేది ఎవరనుకున్నవ్? కొనెటోడు. నోరు తెరిచి పండ్లు సూడనీకి. మనం ఎన్క నుంచి సూస్తం బిడ్డా, నాగలి పట్టుకొని."

ఆ రాత్రే కూర్చుని బొమ్మలన్నీ మళ్ళీ వేశానని చెప్పుకుంటే బాగుండును. వారం రోజులు అలిగాను. ఆ తర్వాతే మళ్ళీ రంగులు తీశాను.

మెల్లగా ఆమె తన ఎడ్ల కథ చెప్పింది. తెల్లోడు, కర్రోడు వాటి పేర్లు. పదకొండేళ్ళు ఒకే కాడి కింద నడిచాయి. భూమి పోయిన ఏడు, రెంటినీ మేపలేక కర్రోణ్ణి అంగడికి తోలారు. కొట్టంలో మేత వేసే తొట్టి ఒక్కటే. మరునాడు పొద్దున తొట్టి నిండా గడ్డి వేస్తే తెల్లోడు ముట్టలేదట. మూడో రోజు తిన్నాడు, కానీ తన పక్కన ఉన్నదే. కర్రోడి సగంలో గడ్డి పరక కూడా తాకలేదు. బతికినన్నాళ్ళూ అలాగే తిన్నాడు.

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. వెంటనే పుస్తకానికి కథ దొరికిందన్న సంతోషమూ కలిగింది. రెండూ నిజమే. అయితే చివరి పేజీలో కర్రోడు ఊరి దారి వెతుక్కుంటూ తిరిగొచ్చినట్టు వేశాను. మెడలో పూలదండ కూడా వేశాను. సత్తెమ్మ ఆ పేజీని చాలాసేపు చూసింది.

"మావోడు రాలే గద మేడం. రానోణ్ణి వచ్చిండని ఎట్ల చెప్తవ్?"

"చిన్నపిల్లలండీ. రాలేదంటే ఏడుస్తారు."

"ఏడిస్తే ఎత్తుకుంటం. గదానికే గద మనం ఉన్నది."

నేను వినలేదు. పిల్లల పుస్తకాల సంగతి ఆమెకేం తెలుసనుకున్నాను. పైకి అనకపోయినా నా ముఖంలో కనిపించే ఉంటుంది. ఆమె లేచి పప్పు గిన్నె కడగడానికి వెళ్ళిపోయింది.

పిల్లలకు ఆ పుస్తకం పిచ్చిగా నచ్చింది. పింకీ, మున్నీ అని నాలుగేళ్ళ పిల్లలిద్దరు దాన్ని రోజూ చదివించుకునేవారు. పక్క పక్క గదుల్లో కిరాయికుండే బీహారు కుటుంబాల పిల్లలు. ఒకే పట్టా మీద కూర్చుని, ఒకే కంచంలో తినేవారు. ఒక సోమవారం మున్నీ రాలేదు. వాళ్ళ నాన్న కాంట్రాక్టు అయిపోయిందట, ఆదివారమే సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. పింకీ ఏడవలేదు. ధైర్యం గల పిల్ల అనుకుని నేను పొంగిపోయాను. ఆ పిల్ల పుస్తకం తీసి చివరి పేజీ తెరుచుకుని వెళ్ళి గేటు దగ్గర నిలబడింది. "మున్నీ ఆయేగీ," వస్తుందని నాకు బొమ్మ చూపించింది. మంగళవారమూ నిలబడింది. బుధవారం గుడ్డు పెట్టినా లోపలికి రాలేదు. పట్టా మీద మున్నీ చోటులో ఇంకో పిల్లను కూర్చోబెడితే గుక్కపట్టి అరిచింది.

నా బొమ్మను నమ్ముకుని ఒక పసిపిల్ల ఎండలో నిలబడి ఉంది. నా జీవితంలో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకోటి లేదు. ఏం చెప్పాలో తెలియక లోపలే తచ్చాడాను. సత్తెమ్మే చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికి వెళ్ళింది. పిల్ల పక్కన మనిషి పట్టేంత చోటు వదిలి, నేల మీద కూలబడింది.

"మున్నీ గయీ, బిడ్డా. నై ఆతీ," అంది తనకొచ్చిన హిందీలో. "జాగా మున్నీకా. కోయీ నై బైఠ్తా." మున్నీ ఇక రాదు, కానీ దాని చోటులో ఎవరూ కూర్చోరని.

పింకీ ఆమె ముఖంలోకి చూసి, పెదవి విరిచి, భోరుమంది. సత్తెమ్మ ఎత్తుకుంది. ఏడుపంతా అయిపోయేదాకా మోసుకుని తిరిగింది. తర్వాత పిల్ల పట్టా మీద తన వైపునే కూర్చుని గుడ్డు తిన్నది. రెండో పక్క ఖాళీగానే ఉంచాం. నెల తర్వాత ఒకరోజు కొత్తగా చేరిన పిల్లను తానే చెయ్యి పట్టి అక్కడ కూర్చోబెట్టుకుంది. మాకెవరికీ చెప్పలేదు.

ఆ బుధవారమే నేను చివరి పేజీ చించేసి కొత్తది వేశాను. తొట్టి ముందు తెల్లోడు ఒక్కడే, వెనక నుంచి చూసినట్టు. ఎడమ సగం తిని ఉంది, కుడి సగంలో గడ్డి అలాగే ఉంది. సత్తెమ్మకు చూపిస్తే వేలితో ఆ గడ్డిని తడిమింది.

"తోక జెర పొట్టిగైంది," అంది. కళ్ళు తుడుచుకుని గిన్నెల దగ్గరికి వెళ్ళింది.

నగరంలో పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళు ముగింపు మార్చమని రెండుసార్లు అడిగారు. నేను ఒప్పుకోలేదు. తోక మాత్రం పొడుగు చేశాను. మొదటి అచ్చు వచ్చేటప్పటికి సత్తెమ్మ లేదు. జ్వరమని నాలుగు రోజులు సెలవు పెట్టిన మనిషి మళ్ళీ రాలేదు.

నిన్న కొత్త పుస్తకం పిల్లలకు చదివాను. చివరి పేజీ దగ్గర ఒక పాప గడ్డి మీద వేలు పెట్టి ఇక్కడెవరని అడిగింది. కర్రోడని చెప్పాను. మళ్ళీ ఎప్పుడొస్తాడంది. రాడని చెప్పాను. పెదవి వణికింది. ఎత్తుకున్నాను.

పిల్లలు నిద్రపోయాక గడప మీదికి వెళ్ళి కూర్చున్నాను. ఆమె పోయాక పనులు ఆగలేదు, అన్నం సహించకపోవడమూ లేదు. కూర్చోవడం మాత్రం ఇప్పటికీ ఆమెకు కుడి పక్కనే.