సాంచెల సైగ చేసిన సంధ్యారాణి

సంధ్యారాణి మొదటి గెలుపు గురుకుల పాఠశాలలో సీటు. ఊరికె వచ్చిన సీటు కాదది. నాలుగో తరగతిలో ఒకసారి రాసి పోగొట్టుకున్నది. మరుసటి ఏడు, మిగిలిపోయిన సీట్ల కోసం పెట్టిన పరీక్షలో మళ్ల రాసి, ముందు వరుసలో నిలబడి, కోరుట్ల వైపు ఒక గురుకులంలో చేరింది. సిరిసిల్లలో వాళ్ల వాడకట్టు నుంచి అట్ల సీటు కొట్టిన మొదటి ఆడపిల్ల ఆమెనే.

ఆ పిల్ల ఏ జాగలో కూసొని చదివిందో కూడ చెప్పాలె. తండ్రి శంకరయ్య ఎనిమిది సాంచెలు నడుపుతడు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచ అనే అంటరు. తల్లి హేమలత ఇంట్లో బీడీలు చుడ్తది. మధ్యాహ్నం బాపుకు టిఫిన్ పట్టుకపోయిన పిల్ల, ఆయన తినేదాక నూలు చుట్టిన కండెల గంప పక్కన కూసొని ఎక్కాలు చదివేది. నలభై సాంచెలు ఒక్కతీరుగ కొట్టుకునే కార్ఖానా అది. పక్కన నిలబడి మొత్తుకున్నా వినపడదు.

అందుకే అక్కడ నోటికి పని లేదు, చేతులే మాట్లాడ్తయ్. రెండు వేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగింది, చూసుకో అని. అరచెయ్యి కిందికి అదిమితే సాంచ ఆపు అని. బొటనవేలు, చూపుడువేలు గిల్లినట్టు కలిపితే పోగు అతికింది, నడిపియ్యి అని. సాంచ నంబర్లకు వేళ్లు, పదికి పిడికిలి. సంధ్యారాణికి అచ్చరాల కన్న ముందు ఇవే వచ్చినయ్.

గురుకుల సీటు వచ్చిన నాడు సాంచెలు ఆపినంక శంకరయ్య కార్ఖానాలో అందరికి మిఠాయి పంచిండు. అప్పుడే మొదటి మాట కూడ పడ్డది. కార్ఖానా ఆసామి సాయిలు మిఠాయి నోట్లో ఏసుకొని, "ఏమే పిల్లా, ఎవలు జూపిచ్చిండ్రు? సాలోళ్ల పోరికి గన్ని మార్కులు ఎట్లొచ్చినయే?" అన్నడు.

"నేనే రాసిన మామా."

"రాసినవ్ తీ. చెయ్యి రాసింది, కన్ను యాడుండె?"

అందరు నవ్విండ్రు. శంకరయ్య కూడ నవ్విండు. సాయిలే గదా, తమాషాకంటడు అనుకున్నడు.

ఆ తర్వాత ఆ పిల్ల వెనక్కి చూసింది లేదు. పదో తరగతిలో పదికి పది. జగిత్యాలలో జరిగిన సైన్సు ప్రదర్శనలో మొదటి బహుమతి. కండెలో నూలు అయిపోవచ్చిందంటే ముందే తెలిపే పరికరం చేసింది. దానికి గంట పెడ్తే కార్ఖానాలో ఎవలకు వినపడదని, ఎర్ర బల్బు పెట్టింది. ఇంటర్ మొదటి ఏడు నాలుగు వందల డెబ్బైకి నాలుగు వందల అరవై ఆరు. రెండో ఏడు కలిపి వెయ్యికి తొమ్మిది వందల ఎనభై ఐదు. ఈ అంకెలన్ని శంకరయ్యకు నోటికే. హోటల్ల చాయ తాగేటోళ్లకు, బస్సుల పక్కన కూసున్నోళ్లకు, అడిగినా అడగకున్నా చెప్పేటోడు.

ఇంటర్ కాంగనె, 2024 మే నెలలో, ఉత్తరాదిలో పేరుమోసిన ఒక సైన్సు విద్యాసంస్థ ప్రవేశ పరీక్ష రాసింది. జగిత్యాలలో సెంటర్ పడ్డది. అదే గదిలో అఖిల్ అనే పిల్లగాడు కూడ పడ్డడు. ఎల్లారెడ్డిపేటల కల్లుగీసే గౌండ్లోళ్ల కొడుకు. తండ్రి తాటిచెట్టు మీదికెల్లి పడి నడుము పోయినంక, తల్లి నర్సవ్వ సిరిసిల్లకు వచ్చి శంకరయ్య పనిచేసే కార్ఖానాలోనే కండెలు చుడ్తున్నది. అఖిల్ కూడ ఆ మోతలోనే పెరిగిండు, ఆ సైగలతోనే పెరిగిండు.

జూన్‌లో ఫలితం వచ్చింది. దేశం మొత్తంలో సంధ్యారాణికి అరవై ఒకటో ర్యాంకు. శంకరయ్య ఈసారి వాడకట్టంత మిఠాయి పంచిండు. ఆ మిఠాయి డబ్బాలు ఇంకా ఇంట్లో ఉండంగనే రెండో కబురు వచ్చింది. ఫలితం ఆపినం, పరీక్ష హాల్ల సైగలు చేసినట్టు కెమెరాల దొరికింది, తల్లినో తండ్రినో తోలుకొని హైదరాబాద్‌ల విచారణకు రావాలె అని.

"ఏం జేసినవ్ బిడ్డా?" అని అడిగిండు శంకరయ్య.

"అఖిల్ గాని ముక్కుల నుంచి నెత్తురు కారుతున్నది బాపూ. ఎండకేమో మరి. వానికి సోయి లేదు, రాసుకుంటనే ఉన్నడు. జవాబుల పేపరు మీద పడితె ఖరాబైతది గదా. నా ముక్కు ముట్టుకొని, పోగు తెగిందని చూపిచ్చిన. వాడు దస్తీ తీసి అడ్డం పెట్టుకున్నడు. గంతే."

"నిలబడి సార్‌ను పిలువరాదె?"

"పిలుద్దామనె అనుకున్న. చెయ్యి ముందే లేసింది."

తన చెయ్యి కూడ అట్లనే లేస్తదని శంకరయ్యకు తెలుసు. పెండ్లిళ్లల్ల, సావులల్ల, దవాఖాన వరండాల, మాట వినపడే జాగలో కూడ సాంచెలోళ్ల చెయ్యి ముందు లేస్తది.

నెత్తురు మరక పడ్డ అంగి ఉంటే చూపిద్దామని నర్సవ్వ దగ్గరికి పోయిండు. ఆమె నెత్తి కొట్టుకున్నది. "ఆ పొద్దే ఉతికిన అన్నా. సబ్బు పెట్టి, బండకేసి ఉతికిన. కొడుకు అంగి మీద నెత్తురుంటె ఏ తల్లి ఉంచుతది?"

పరీక్ష గదిలో కెమెరా వెనక గోడకు ఉండె. అందులో అఖిల్ వీపు కనపడ్తది, ముక్కు కనపడదు. సంధ్యారాణి పక్కకు తిరిగి రెండు వేళ్లు చూపెట్టింది మాత్రం సక్కగ కనపడ్తది.

విచారణ గదిలో బల్ల అవతల ఇద్దరు కూసున్నరు. పెద్దాయన హిందీ ఆయన. పక్కన తెలుగాయన, తర్జుమా చేసి చెప్పేతందుకు. అఖిల్‌ను ముందే పిలిచి అడిగి పంపిండ్రు. వాడు కూడ ముక్కు సంగతే చెప్పిండు. సంధ్యారాణి కూడ అదే చెప్పింది. పెద్దాయన కాగితాలు అటు ఇటు తిప్పి, తెలుగాయనతో హిందీలో అన్నడు. "ఈ తెలుగు సెంటర్లన్ని ఇంతే. మనిషికింత బట్టీ పట్టిస్తరు. బట్టీ పనిచెయ్యని దగ్గర చేతులు పనిచేస్తయ్."

"సిరిసిల్ల కదా సార్," అన్నడు తెలుగాయన, అదీ హిందీలోనే. "నాకు తెలుసు. మగ్గాలోళ్లు. అందరు ఒక్కటే గుంపు. పోరడు కల్లుగీసేటోళ్ల పిల్లగాడు. ఇట్లాంటి ఇండ్లల్ల అరవై ఒకటో ర్యాంకు ఎట్ల వస్తది?"

శంకరయ్య పడుచుతనంలో పదకొండేండ్లు భివండిలో సాంచెలు నడిపిండు. హిందీ ఆయనకు మాతృభాష లెక్కనే. ప్రతి మాట అర్థమైంది. సాయిలు అన్న మాట యాదికొచ్చింది. ఆనాడు నవ్విండు. ఇప్పుడు మొఖం ఎర్రవడ్డది.

"ఆ పిల్ల చేసింది నిజంగ మగ్గాల సైగనేనా?" అని పెద్దాయన తెలుగాయనను అడిగిండు.

"నిజమే సార్," అన్నడు శంకరయ్య హిందీలోనే. ఇద్దరు ఉలిక్కిపడి చూసిండ్రు. "పోగు తెగిందన్నట్టు. మావి ఆషామాషీ సైగలు గావు సార్. మా తాతలు చేతిమగ్గం నేసినోళ్లు, నేను సాంచెలు నేసినోన్ని. ఆ మోతలో పొద్దంత ఒక్క మాట మాట్లాడకుంట పని నడిపిస్తం. మేం బుర్ర లేనోళ్లం గాదు."

"మంచిది. అంటే అన్ని చెప్పుకోవచ్చా?"

"అన్ని చెప్పుకోవచ్చు."

సంధ్యారాణి తండ్రి మొఖం చూసింది. ఆయన చూడలేదు. పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగిండు. ఈసారి గొంతు మెత్తగ ఉన్నది. "అంకెలు కూడనా?"

"ఎందుకు రావు సార్! సాంచ నంబరు చెప్పకుంటె పనెట్ల నడుస్తది? ఇది ఒకటి, ఇది రెండు, ఇది మూడు, ఇది నాలుగు. పిడికిలి పడితే పది. పిడికిలి పట్టి రెండు చూపిస్తే పన్నెండు. ఆ గోడకు నేను నిలబడి, ఈ గోడకు నా బిడ్డను నిలబెట్టుండ్రి. ఎంత పెద్ద లెక్కన్నా చెప్తది. ఒక్కటి తప్పు పోదు. చిన్నప్పటి నుంచి అంత హుషారు."

బల్ల పక్కన సంధ్యారాణి అరచెయ్యి కిందికి అదిమింది. ఒకసారి, మళ్లొకసారి. శంకరయ్య మాట అక్కడ్నే ఆగింది.

పెద్దాయన అది చూసిండు. "ఇప్పుడేం చెప్పింది?"

శంకరయ్యకు అబద్ధం చెప్పుడు రాదు. "సాంచ ఆపుమన్నది సార్."

తెలుగాయన కాగితం మీద ఏదో రాసుకున్నడు. ఒక్కో ప్రశ్నకు నాలుగే జవాబులుంటయి, రెండు వేళ్లంటే రెండోది అని పెద్దాయన నిదానంగ వివరించి చెప్పిండు, బడిపిల్లగానికి చెప్పినట్టు. శంకరయ్య లేచి చేతులు జోడించిండు. "అంకెకైతే వేళ్లు విడదియ్యం సార్. కలిపి విడదీస్తేనే పోగు. చూడుండ్రి, మళ్ల చూడుండ్రి" అని రెండు వేళ్లు కలుపుతడు, విడదీస్తడు, కలుపుతడు. వాళ్లు చూడలేదు. బయటి నుంచి వేరే పిల్లల తల్లిదండ్రులను పిలిచిండ్రు.

తీర్పు జూలైలో వచ్చింది. ఇద్దరి ఫలితం రద్దు. మరుసటి ఏడు పరీక్ష రాయరాదు. ఆ తర్వాత కావాలంటే మళ్ల రాసుకోవచ్చు.

సంధ్యారాణి తండ్రిని ఒక్క మాట అనలేదు. అదే ఆయనకు కష్టమైంది. హేమలత మాత్రం బీడీల చాట ముందేసుకొని ఊకోలేదు. "హిందీ వచ్చని చూపిచ్చుకున్నవ్. సైగలొచ్చని చూపిచ్చుకున్నవ్. బిడ్డ బతుకు ఎవలకు చూపిస్తవ్ ఇగ?"

"ఊకో అవ్వా," అన్నది సంధ్యారాణి. "బాపు నిజమే గదా చెప్పిండు."

సిరిసిల్లలోనే డిగ్రీల చేరింది. ఎక్కువ రోజులు పోలేదు. బస్సెక్కితే వెనక సీట్ల పోరగాండ్లు వేళ్లు ఆడిచ్చేటోళ్లు. "అక్కా, నాలుగో ప్రశ్నకు ఏదక్కా? జర చూపియ్యరాదె!" క్లాసుల చెయ్యెత్తి డౌటడిగితే వెనక నవ్వులు. ఒకనాడు ఇంటికొచ్చి పుస్తకాలు సంచిల సర్దుకున్నది. భివండిల మేనమామ రామస్వామి ఉంటడు, నేసిన బట్టల తప్పులు చూసి మడతేసే పని ఇప్పిస్తనన్నడు. అక్కడ ఎవలకు ఈ ముచ్చట తెల్వది, పని అయినంక పొద్దుమీకి చదువుకుంట అన్నది. భివండి బస్సు ఎక్కించేటప్పుడు శంకరయ్య కిటికీ కింద నిలబడ్డడు. బస్సు కదిలినంక చెయ్యి లేపబోయి, జేబులో పెట్టుకున్నడు.

అఖిల్ ఇప్పుడు జగిత్యాలలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో ఉన్నడు. ఎండ ముదిరితే ముక్కు నుంచి నెత్తురు ఇంకా కారుతనే ఉంటదట. అడిగినోళ్లకు, అడగనోళ్లకు దస్తీ చూపిస్తడని నర్సవ్వ చెప్పి ఏడుస్తది.

శంకరయ్య ఆ నాటి నుంచి కార్ఖానాలో సైగ చేసుడు బంద్ పెట్టిండు. అవతల సాంచ మీద పోగు తెగితే అంత దూరం నడిచిపోయి చెవిల చెప్తడు. సాంచెలు బంద్ అయినంక సాయిలు తిట్టిండు. "నువ్వు నడిచొచ్చేటాళ్లకు గజం బట్ట ఖరాబైతుందయ్యా. చెయ్యి లేపుతె ఏం పోయింది నీది?" తెల్లారి శంకరయ్య మళ్ల నడిచే పోయిండు. బిడ్డ మార్కుల అంకెలు కూడ ఇప్పుడు ఎవలకు చెప్తలేడు.

ఫోన్లో బిడ్డ రెండు మాటలు మాట్లాడి పెట్టేసేది. తిన్నవా, తిన్న. చదువుతున్నవా, చదువుతున్న. మళ్ల ఆ పరీక్ష రాస్తవా అని అడిగే ధైర్యం ఆయనకు రాలేదు. పేరు పోయిన దగ్గరికే బిడ్డ మళ్ల పోతదో, మడతలేసుకుంట అక్కడ్నే ఉండిపోతదో తెలియకుంటనే ఏడాది దాటిపోయింది.

మొన్న చలికాలంలో, పని మీద ఉండంగ, జేబులో ఫోన్ అదిరింది. వీడియో కాల్. తెర మీద సంధ్యారాణి. మనిషి చిక్కిపోయింది. వెనక వరుసకు సాంచెలు. అక్కడ మోత, ఇక్కడ మోత. ఆమె పెదవులు కదిలినయ్ గాని ఒక్క ముక్క వినపడలేదు. "ఏంది బిడ్డా? వినపడ్తలేదు!" అని మొత్తుకున్నడు. ఆయనది కూడ ఆమెకు వినపడలేదు.

ఆమె ఒక్క ఘడియ ఆయన దిక్కే చూసింది. తర్వాత ఫోన్‌ను దేనికో ఆనిచ్చి పెట్టి, దూరం జరిగి, చెయ్యి లేపింది. విచారణ గదిలో సాంచ ఆపుమన్నంక తండ్రి ముందు ఆ చెయ్యి మళ్ల లేచుడు ఇదే మొదటిసారి. జగిత్యాల దిక్కు చెప్పేటప్పుడు అందరు చూపెట్టినట్టు చెయ్యి ముందుకు చాపింది. కలం పట్టి రాసినట్టు గాలిలో రాసింది. బొటనవేలు, చూపుడువేలు గిల్లినట్టు కలిపింది.

శంకరయ్య చేతిలో కండె కింద పడ్డది. ఆయన చెయ్యి దానంతట అదే లేచి, "ఎన్నడు?" అని అడిగినట్టు తిరిగింది.

సంధ్యారాణి పిడికిలి పట్టింది. దాని వెనక రెండు వేళ్లు, ఈసారి విడదీయకుంట, కలిపి నిలబెట్టి. జర ఆగి, నాలుగు వేళ్లు.

ఒక్కటి తప్పు పోలేదు. శంకరయ్య ఆ వేళ్లను చదువుకున్నడు, గోడకున్న కొత్త ఏటి క్యాలెండర్ల వారం చూసుకున్నడు, సాయిలు చూస్తుండంగనే పైకే చదివిండు, ఎవలకు వినపడకున్నా: పరీక్ష, ఏప్రిల్ పన్నెండు, 2026, ఆదివారం.