బర్రె జాడ

పల్నాడులో నేను ఎక్కని గుట్ట లేదు. తప్పిపోయిన బర్రె కోసం నెల రోజులు ఒంటరిగా తిరిగి, ఉత్త నాపరాతి మీద గిట్టల జాడ తీసిన మనిషిని నేను.

నెల కాదు, మూడు రోజులు. మనవళ్లు నోళ్లు తెరుచుకుని వింటుంటే రోజులు వాటంతటవే పెరిగాయి. రాతి మీద జాడ పడదు కూడా. నేను చూసింది వాగు ఇసుకలో.

రెండో ప్రపంచ యుద్ధపు రోజులు. మాది గురజాల పక్క పల్లె. నాకు ఇరవై రెండేళ్లు, ఏ పనీ నిలవలేదు. మాచర్లలో ఒక సాయిబు దగ్గర కుట్టుపని, తర్వాత బడిలో పంతులుగిరీ, రెండూ నెల దాటలేదు. "అసలు నీకేం పనొచ్చురా?" అని నాన్న రోజూ అడిగేవాడు. అది తెలిస్తే నాకీ అవస్థ ఎందుకు?

ఇంట్లో ఆర్నెల్ల బిడ్డ. తల్లి పాలు చాలవు, ఉన్నది ఒకే బర్రె. ఒక మధ్యాహ్నం అది మేత దగ్గర కనపడలేదు. కర్ర పట్టుకుని లేచాను.

"దూడ ఇంట్లోనే ఉందిగా. పొద్దుగూకేసరికి అదే వచ్చుద్ది, ఆగు," అంది నా భార్య.

ఈ పని కూడా నాకు చేతకాదన్నట్టు వినిపించింది. ఆగుతానా?

మా బర్రె ముందుకాలి గిట్ట కాస్త విరిగి ఉంటుంది. వాగులో అలాంటి అచ్చు కనపడితే దాని వెంట పడ్డాను. దారిలో ఒకడు తూర్పంటాడు, ఇంకొకడు పడమరంటాడు. మూడోవాడు మా తాత ఊరు, మేనమామల ఊరు అన్నీ అడిగి, చివరికి "నేను చూళ్లేదబ్బాయ్" అన్నాడు. వాణ్ణి కొట్టనందుకు ఇప్పటికీ బాధే.

మూడో రోజు ఎత్తిపోతల జలపాతం దగ్గర బర్రె దొరికింది. గిట్ట విరిగిందే, కాని మాది కాదు. ఏడుపొచ్చింది. ఇంతలో ఒక ముసలాయన పరుగున వచ్చి దాని మెడ కావలించుకున్నాడు. వారం నుంచి వెతుకుతున్నాడట.

"ఎట్టా పట్టుకున్నావయ్యా?"

నన్ను ఎవరైనా అలా అడగడం అదే మొదలు. ఇసుకలో అచ్చులు చూపించాను. ఆయన నలుగురికీ చెప్పగా చెప్పగా, చుట్టుపక్కల ఎక్కడ గొడ్డు తప్పిపోయినా నాకే కబురొచ్చేది. నా పని అదేనని అట్లా తెలిసింది.

ఇంతవరకు రాసి నా భార్యకు చదివి వినిపించాను. చింతపండు గింజలు తీస్తూ వింది.

"మన బర్రె సంగతేది?"

"వచ్చిందని రాస్తాలే."

"ఎప్పుడొచ్చిందో రాయి. నువ్వు పోయిన సాయంత్రమే దూడ దగ్గరికొచ్చి నిలబడింది. మూడు రోజులూ బిడ్డకు పాలు పట్టా. బర్రె యాడికీ పోలా. తప్పిపోయింది నువ్వు."