జాలీ బీరువాలో వైఫై డబ్బా

ఆ రోజుల్లో ఇంట్లో ఇంటర్నెట్ ఉందంటే పక్కింటివాళ్ళు చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి మరీ చూసి పోయేవాళ్ళు (చూడడానికి ఏముంది, ఒక డబ్బా, నాలుగు లైట్లు). మా డబ్బా గురించి మావాళ్ళు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఒక కథ చెబుతారు. నేను మదనపల్లె దుకాణదారుణ్ణి తిట్టి తిట్టి మా ఊరు పుంగనూరు దాకా రప్పించుకున్నానట, ఆయన వచ్చి ఒకే ఒక్క మాటతో నా నోరు మూయించాడట. రెండూ తప్పే. నేను తిట్టలేదు, వాదించాను. ఆయన అన్నది ఒక మాట కాదు, మూడు. నా నోరు మూతపడడమైతే చూసినవాళ్ళెవరూ లేరు, ఉంటే ముందుకు రమ్మనండి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. చదువు అయిపోయి ఇంట్లో ఉన్నాను. బెంగళూరులో ఒక ఆఫీసువాళ్ళు పిల్లల పాఠాల్లో తప్పులు దిద్దే పని ఇంటి నుంచే చేయమన్నారు. పది రోజులు పరీక్ష. ప్రతి సాయంత్రం ఐదు లోపల దిద్దిన పాఠం వాళ్ళకు చేరాలి, మూడు సార్లు ఆలస్యమైతే దండం పెట్టి పంపేస్తారు. మా నాయన కుప్పంలో బి.ఇడి. సీటుకు ఫారం నింపి, నా సంతకం జాగా మాత్రం వదిలి టీవీ మీద పెట్టాడు. పది దినాలు సూస్తా, కాలేదంటే కుప్పం పోతావు అన్నాడు. కుప్పం మీద నాకేం కోపం లేదు. ఒకరి తప్పులు దిద్దడం నా పుట్టుగుణం, దానికి జీతమిస్తామనేవాళ్ళు మళ్ళీ దొరుకుతారా అన్నదే నా బెంగ.

పాత డబ్బా హాల్లో ఫోను స్టూలు మీద ఉండేది. దాని సిగ్నల్ హాలు దాటేది కాదు. మాది ఆవులున్న ఇల్లు, పాలు పోయించుకునేవాళ్ళంతా ఆ హాల్లోనే కూర్చుని ఊరి సంగతులు తేల్చేవాళ్ళు. నాకు మిద్దె మీది గది కావాలి. నాయన్ని పీడించి మదనపల్లె నుంచి రెండు కొమ్ముల కొత్త డబ్బా ఒకటి, ల్యాప్‌టాప్ పక్కన గుచ్చే కొత్త అడాప్టర్ ఒకటి తెప్పించాను. పాతది తీసేసి కొత్త డబ్బాను అదే స్టూలు మీద పెట్టాం. పరీక్షలో మొదటి రెండు రోజులు మిద్దె మీద సిగ్నల్ నిండుగా వచ్చింది. మూడో రోజు పొద్దున చూస్తే ఒక్క గీత, అది కూడా వస్తూ పోతూ. కిందికి దిగి చూశాను. స్టూలు మీద మా అవ్వ కుట్టిన పూల గుడ్డ, గుడ్డ కింద డబ్బా ఆకారం, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. (గుడ్డ ఎత్తి చూడొచ్చు కదా అంటారు మావాళ్ళు. అవ్వ గుడ్డను ఎత్తి, మళ్ళీ అదే మడతతో కప్పడం వాళ్ళలో ఎవరికి చేతనవునో చెప్పమనండి.) అంటే తప్పు అడాప్టర్‌దే. బస్సెక్కి మదనపల్లె పోయాను.

దుకాణదారు నెమ్మదస్తుడు. డబ్బా యాడ పెట్టుండారమ్మా అని అడిగాడు. ఇంట్లో అన్నాను. ఇంట్లో యాడ అన్నాడు. అన్నా, నేను చదువుకున్నదాన్ని, డబ్బా ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు, నీ అడాప్టర్ సంగతి చూడు అని, ఇంకా చాలా చెప్పాను. ఆయన వేరే అడాప్టర్ ఇచ్చాడు. అదీ అంతే. ఎనిమిదో రోజుకల్లా రెండు ఆలస్యాలు అయిపోయాయి. తొమ్మిదో రోజు ఫోను చేసి ఎంతసేపు వాదించానంటే, ఆయన దుకాణం మూసి మూడు గంటల బస్సుకు తానే బయల్దేరాడు.

ఆయన వచ్చేసరికి నాలుగున్నర. బస్సు దిగి వచ్చిన మనిషికి మజ్జిగ ఇవ్వకుండా మా అవ్వ ఎవరినీ మాట్లాడనివ్వదు. వంటింట్లో పాలు, పెరుగు పిల్లికి అందకుండా పెట్టే ఇనుప జాలీ తలుపుల బీరువా ఉంది. అవ్వ దాన్ని తెరిచింది. ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు, వెనకనుంచి నేనూ చూశాను. నిండు పాలగిన్నెల మధ్య, పెరుగు సట్టికి ఆనుకుని, పచ్చ లైట్లు మినుకుమంటూ నా కొత్త డబ్బా.

"అమ్మా, డబ్బా ఈడ ఉండాది," అన్నాడాయన. "సుట్టూ ఇనుము, నడాన పాలు. ఇంక సిగ్నల్ యాడికి పోతాది?"

నేను అవ్వ వైపు తిరిగాను. అవ్వ కొంచెం కూడా తొణకలేదు.

"పిల్లి ఎచ్చగా ఉండాదని దానిమీదే పండుకుంటాంది పాపా. వైరు కొరికితే మళ్ళీ మదనపల్లె పోవాల గదా. అందుకే ఎనక బొక్కలోంచి వైరు లాగి ఈడ పెట్టినా. స్టూలు బోడిగా ఉండాదని పాతది తెచ్చి ఆడ పెట్టినా. ఈ సలికి తోడుకోని పెరుగు దీని పక్కన రాయి మాదిరి తోడుకుంటాండాది. నువ్వే గదా ఈ వారమంతా బాగుండాదని రెండోసారి ఏపించుకుంటివి?"

పెరుగు రెండోసారి వేయించుకున్న మాట నిజం. పక్కింటివాళ్ళకు కూడా పొగిడి చెప్పాను. (నోరు మూయడం అంటే ఇదేనంటారు మావాళ్ళు. నేను టైము చూసుకుంటున్నానంతే.) పది నిమిషాలు తక్కువ ఐదు. ల్యాప్‌టాప్ తెచ్చి, తెరిచిన బీరువా ముందు నేలమీదే కూర్చున్నాను. గీతలన్నీ నిండాయి. పిల్లి వచ్చింది. అవ్వ చీపురు పట్టుకుని నా పక్కన కూర్చుంది. ఐదుకు రెండు నిమిషాల ముందు పాఠం బెంగళూరు చేరింది. దుకాణదారు రెండో గ్లాసు మజ్జిగ తాగి, అడాప్టర్లో తప్పు లేదుగదమ్మా అని మాత్రం అడిగి బస్సుకు పోయాడు. మర్నాటికి పరీక్ష గట్టెక్కింది. నాయన టీవీ మీది ఫారం తీసి పాత పేపర్లలో వేశాడు.

డబ్బాను మాత్రం అవ్వ కదలనివ్వలేదు. స్టూలు మీద పెడదామంటే, పెరుగుకు నువ్వొచ్చి కుంపటి పెడతావా అంది. అవ్వతో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు, ఆ ఒక్కచోట నేనూ లొంగిపోయాను. మిద్దె దాకా సిగ్నల్ కావాలని కొన్న సామానుతో, దానికి మూడడుగుల దూరంలో, వంటింట్లో చాప మీద ఉద్యోగం చేశాను. రోజూ మూడు నుంచి ఐదు దాకా బీరువా తలుపులు బార్లా తెరిచి ఉండేవి. నేను తప్పులు దిద్దేదాన్ని. అవ్వ చీపురుతో పిల్లి రాకుండా కాస్తూ, ఇప్పుడు ఎవరి తప్పు దిద్దతాండావు, వాడు ఎందుకని తప్పు రాసినాడు అని అడిగేది. నేను విసుక్కుంటూనే చెప్పేదాన్ని.

అవ్వకు అప్పుడు ఉన్నంత ఓపిక నాకు ఇప్పుడు లేదు, ఆనాటి నాకున్నంత నోరు మాత్రం ఇంకా ఉంది. ఆ నోటితో అప్పుడే అడగాల్సింది ఒకటి మరిచిపోయాను. ఎండాకాలం వచ్చింది, అయినా మూడయ్యేసరికి అవ్వ నా చాప పరిచి, చీపురు పట్టుకుని పక్కన కూర్చోవడం మానలేదు. మా ఊళ్ళో ఏప్రిల్లో పెరుగు ఏ వేడీ పెట్టకుండానే తోడుకుంటుంది, మధ్యాహ్నానికి పులిసి కూర్చుంటుంది. మరి అప్పుడు కూడా అవ్వ ఆ డబ్బాను బీరువాలోంచి ఎందుకు తీయనివ్వలేదు?