మూడో మడత

ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోయే రకం. మా వీధిలో ఒకామెకు గాలి సోకిందని అందరూ గుమిగూడితే, ఆ గాలి వాళ్ల అత్త ఇంట్లో ఉన్నప్పుడే ఎందుకు సోకుతుందని అడిగి తిట్లు తిన్నాను. నన్ను మొండిదంటారు. అనుకోనీ. నేను మిషన్ కుట్టుకుని బతికినదాన్ని. టేపు పెట్టి కొలిస్తే తేలని విషయం ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఇక్కడ రాసేది నా కళ్లతో చూసింది మాత్రమే. ఎవరినీ నమ్మమని అడగను.

మాది రాయచోటి దగ్గర పల్లె. ఇంటి పనికని సౌదీలోని అభాకు వెళ్లేనాటికి నా కూతురు లిఖితకు నాలుగేళ్లు. భర్త ఉన్నాడా అంటే ఉన్నాడు, వేరే ఇంట్లో. పాపను మా అక్క దగ్గర వదిలాను. అక్క నాకంటే బాగా చూసుకుంటుందని తెలుసు కాబట్టే వదిలాను, తెలిసినా విమానంలో దారంతా ఏడ్చాను.

ఆ ఇంటి యజమానురాలిని అక్కడి అలవాటు ప్రకారం మామా అని పిలిచేవాళ్లం, ఆవిడ భర్తను బాబా అని. మామాకు అరవై దాటాయి. వంటకు రాజోలు నుంచి వచ్చిన సత్యవతక్క ఉండేది. ఊడ్చి తుడిచే పని నాది. ఒకరోజు మామా గౌను చంక దగ్గర చిరిగితే కుట్టి ఇచ్చాను. ఆవిడ ఆ కుట్టును వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. మర్నాటి నుంచి పొద్దున ఊడ్చే పని, పది దాటితే మేడ మీద కుట్టు పని.

అభా చుట్టుపక్కల పాతకాలపు రాతి ఇళ్లను బాగుచేసి, వేసవిలో అక్కడ వెనకటి బతుకును చూపిస్తారు. ఆడవాళ్లు, పిల్లలు వాళ్ల అమ్మమ్మల కాలపు బట్టలు కట్టుకుని తిరగలి తిప్పుతారు, రొట్టెలు కాలుస్తారు, చూడవచ్చినవాళ్లతో మాట్లాడతారు. ఆ సంవత్సరం ఆ బట్టలు చేయించే బాధ్యత మామా తీసుకుంది. ఆడవాళ్లకు ఎనిమిది, పిల్లలకు ఐదు. నమూనాలన్నీ ఆవిడ పుట్టింటి పెట్టెలోవే. నల్ల గుడ్డ, ఎద మీద పసుపు, ఎరుపు దారాలతో నిండా పనితనం, పక్కల్లో వేరే ముక్కలు అతికి వెడల్పు చేసిన పొడుగు గౌన్లు. ఆడపిల్లలకూ అవే, చిన్నవి, తలకు చెవులు మూసే టోపీ.

మామా పెట్టిన షరతు ఒక్కటే. నీ తెలివి వద్దు, ఉన్నది ఉన్నట్టు కుట్టు. మాసిక ఉంటే మాసిక, వంకర ఉంటే వంకర. పైకి కనబడేది అంతా చేతికుట్టే.

ఆ పెట్టెలో ఒక ఆడపిల్ల గౌను ఉంది. అంచుకు కాస్త పైన చుట్టూరా మూడు మడతలు పెట్టి కుట్టిన గౌను అది. మా దగ్గర కూడా పిల్లల లంగాలకు ఇలాగే పెడతాం. పెరిగే పిల్ల కదా, ఏడాదికొకటి విప్పుకుంటే గుడ్డ దిగుతుంది, లంగా ఇంకో ఏడాది వస్తుంది. ఆ గౌనులో కింది రెండు మడతలూ విప్పి ఉన్నాయి. విప్పినచోట చుట్టూ సన్నటి గీత, గీత లోపల గుడ్డ రంగు ఇంకా నల్లగా ఉంది. మూడో మడత మాత్రం మొదటినాటి దారంతోనే గట్టిగా ఉంది.

కుట్టుపని చేసేవాళ్లకు అది చదవడం కష్టం కాదు. ఆ పిల్ల రెండుసార్లు పెరిగింది. మూడోసారి పెరగలేదు.

ఎవరిదని మామాను అడిగాను. అక్కదట, మామాను ఇంకా ఎత్తుకుని తిప్పే రోజుల్లోనే జ్వరంతో పోయిందట. గౌను కుట్టింది వాళ్ల అమ్మ. ఎన్నేళ్లప్పుడు అని అడిగితే ఏడు వేళ్లు చూపించింది. లిఖితకు అప్పుడు ఏడో ఏడు నడుస్తోంది.

ఆ గౌనుకు నకలు కుడుతూ సగంలో ఉండగా అక్క ఫోన్ చేసి పాప మొహం వాచిందని చెప్పింది. మొదట రాయచోటిలో చూపించారు. వారం తిరిగేలోపు తిరుపతిలో చేర్చారు, కిడ్నీ అన్నారు. ఆ శుక్రవారమే బాబా దగ్గర నిలబడి ఖురూజ్ అడిగాను. దేశం దాటడానికి ఆ కాగితం ఉండాలి, అది ఆయన పెడితేనే వస్తుంది. ఆయన చెడ్డవాడు కాదు. గురువారం ఆ రాతి ఇళ్లవాళ్ల తరఫున ఒకామె వచ్చి బట్టలన్నీ కొలతలతో సరిచూస్తుంది, అవి నెగ్గిన రాత్రే విమానం ఎక్కిస్తాను అన్నాడు. ఏదైనా నెగ్గకపోతే ఆమె మళ్లీ వచ్చేది ఇంకో వారానికి. ఆరు రోజులే కదా అని నేనూ ఒప్పుకున్నాను. కాళ్లు పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు.

శనివారం గౌను పూర్తిచేశాను. కింది రెండు మడతలు కూడా కుట్టి విప్పి ఆ గీతలు తెచ్చాను, మూడో మడత కుట్టి మూశాను. మసీదు నుంచి మధ్యాహ్నం నమాజుకు పిలిచే బాంగు వినబడగానే గదికి తాళం వేసి, కిందికి దిగి భోజనాలు వడ్డించి, మూడింటికి మళ్లీ పైకి వెళ్లాను. మూడో మడత విప్పి ఉంది.

తప్పు నాదే అనుకున్నాను. పిల్లల బట్టకు మడత పెట్టేటప్పుడు మా చేయి దానంతటదే వదులుగా కుడుతుంది, ఎలాగూ ఏడాదికి విప్పాలి కనుక. పాత గౌనులో ఉన్నది బిగువైన కుట్టు. అలవాటు కొద్దీ వదులుగా వేశాను, ఊడిపోయింది అని తీర్మానించుకున్నాను. గౌను చుట్టుకొలత మూడు మీటర్లు పైనే. రెండు గంటలు కూర్చుని ఈసారి బిగించి కుట్టాను.

ఆదివారం మూడింటికి మళ్లీ విప్పి ఉంది. అప్పుడు దారం చూశాను. ఊడిన దారమైతే వేలాడుతూ ఉండాలి, కత్తిరిస్తే ముక్కలుండాలి. ఇది ఎక్కడా తెగకుండా మొత్తం బయటికి లాగి ఉంది. రెండు వేళ్ల మీద ఎనిమిది అంకెలా చుట్టి, కొసను ఆ చుట్ట నడుముకు బిగించి, గౌను పక్కన పెట్టి ఉంది. దారం మిగుల్చుకునే మనిషి చేసే పని అది. నేను కాగితం ముక్కకు చుడతాను. నాకు ఆ చుట్టు రాదు.

సత్యవతక్క మీద అనుమానం వచ్చింది. వంటింట్లోకి వెళ్లి, "అక్కా, నువ్వేమన్నా పైకి పోయినావా? నా పని నేను చేసుకోని ఇంటికి పోవల్ల. ఆటలాడొద్దు నాతో," అన్నాను.

ఆమె చేతిలో గరిట అలాగే ఉంది. "నీ కుట్టు నేనెందుకు విప్పుతానే? సూదిలోకి దారం ఎక్కించడమే రాదు నాకు. నువ్వు ఎప్పుడెళ్తావా అని నేనూ రోజులు లెక్కెడుతున్నాను," అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు సిగ్గేసింది.

సోమవారం తాళంచెవి తాడుకు కట్టి మెడలో వేసుకున్నాను. కిటికీకి ఇనుప చట్రం ఉంది. ఫోన్ దారాల డబ్బాకు ఆనించి వీడియో పెట్టి దిగాను. నలభై నిమిషాలు వచ్చాక ఫోన్ నిండిపోయి ఆగిపోయింది. ఆ నలభై నిమిషాల్లో బల్ల, గౌను, కిటికీలో మబ్బు తప్ప ఏమీ లేదు. నేను వెళ్లేసరికి మడత విప్పి ఉంది, దారం పక్కన చుట్టి ఉంది. నేనే విప్పి మరిచిపోతున్నానా అని కూడా ఆలోచించాను. కానీ వీడియోలో నేను తలుపు మూసి వెళ్లడం ఉంది, అప్పుడు మడత మూసే ఉంది.

ఆ సాయంత్రం అక్క ఫోన్‌లో పాపను చూపించింది. కళ్లు మూసుకుపోయేంత వాపు. నాకు ఆ గౌనులో దయ్యం ఉందో దేవుడున్నాడో అక్కరలేకపోయింది. నన్ను వెళ్లనివ్వకుండా ఎవరో అడ్డం పడుతున్నారు. నాకు కోపం మాత్రమే వచ్చింది.

మంగళవారం మామాను వెంటబెట్టుకుని పైకి వెళ్లాను, ఆవిడే తాళం తీసింది. మడత విప్పి ఉంది. ఆవిడ గౌను వంక చూడలేదు. దారం చుట్టను అరచేతిలోకి తీసుకుని కుర్చీలో కూర్చుండిపోయింది. వాళ్ల అమ్మ దారం ఇలాగే చుట్టేదట. కాసేపటికి నా చేయి పట్టుకుని, "ఖల్లీ, సరళా. ఖల్లీ," అంది. వదిలెయ్, అలాగే ఉండనీ అని.

నేను తల ఊపాను. మనసులో మాత్రం గురువారమే ఉంది. పాత గౌన్ల కొలతల కాగితం ఆ వచ్చేవాళ్లకు ఎప్పుడో ఇచ్చేశారు. మడత విప్పితే గౌను రెండున్నర అంగుళాలు పొడుగు తేలుతుంది. వచ్చినామె ఒప్పుకోదు. ఇంకో వారం అంటారు.

బుధవారం పొద్దున అక్క ఫోన్ చేసింది. "పాప అడగతా ఉందే, అమ్మ ఎప్పుడొస్తాదని. ఏమి చెప్పల్ల?"

"శుక్రవారం పొద్దునకి నీ పక్కనే ఉంటాదని చెప్పక్కా."

పదింటికి పైకి వెళ్లాను. మామా చెప్పిన మాట వినలేదు, ఆవిడ పెట్టిన షరతు కూడా పాటించలేదు. మడత లోపలి నుంచి మిషన్‌తో, చిన్న కుట్టు పెట్టి, రెండు వరసలు కొట్టాను. ప్రతి నాలుగు వేళ్లకు వెనక్కి తిప్పి ముడి బిగించాను. అది కనబడకుండా పైన చేతికుట్టు వేశాను. అలాంటి కుట్టు విప్పాలంటే గుడ్డ చింపాలి. కుడుతున్నంతసేపూ పళ్లు బిగించి, ఇప్పుడు విప్పు చూద్దాం అని గొణుగుతూనే ఉన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు. చివరి ముడి వేసి దారం కొరికేసరికి బాంగు మొదలైంది.

మూడింటికి వెళ్లి చూస్తే మడత మూసే ఉంది.

అంత సంతోషం నాకు ఆ ఇంట్లో ఎప్పుడూ కలగలేదు. మెట్లు పరుగున దిగి సత్యవతక్కను పట్టుకుని ఊపేశాను. ఖలాస్, అయిపోయింది అన్నాను. ఆమె నాకు టీ పెట్టి ఇచ్చింది. టీ తాగుతుండగా ఫోన్ మోగింది. అక్క నంబరే, మాట్లాడింది బావ.

"సరళమ్మా, పాప లేదమ్మా," అన్నాడు.

నేను అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? ఎన్ని గంటలకు అని. రెండు గంటల నలభై నిమిషాలకట. మనకంటే సౌదీ రెండున్నర గంటలు వెనక. అక్కడ పన్నెండూ పది. మధ్యాహ్నం బాంగు వేళ.

బాబా ఆ రాత్రే ఖురూజ్ పెట్టించాడు. బట్టలు సరిచూడకముందే. అడిగితే ముందే పెట్టేవాడేమో, నాకు తెలియదు. నేను ఇల్లు చేరేసరికి పాపను పూడ్చిపెట్టి ఒక రోజు దాటింది. అక్క నన్ను చూసి, "కొంచెం ముందు రాకూడదా," అంది. తిట్టలేదు, మామూలుగానే అంది.

నేను మళ్లీ అభా వెళ్లలేదు. ఆ గౌను నెగ్గిందట. వేసవిలో ఎవరో ఒక పిల్ల తొడుక్కుని ఆ రాతి ఇళ్ల మధ్య తిరుగుతోందని మామా ఫోటోలు పంపింది. ఆ మడత మళ్లీ ఎప్పుడైనా విప్పుకుందా అని నేను సత్యవతక్క చేత అడిగించాను. లేదట. ఒక్కసారి కూడా లేదట. మామా నన్ను ఏమీ అనలేదు, లోపల మిషన్ కుట్టు ఉందని ఆవిడకు తెలుసో లేదో కూడా చెప్పలేదు.

డాక్టర్లు ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి వెళ్లిందన్నారు. కాగితాలన్నీ నా దగ్గర ఉన్నాయి. వాటిలో తప్పేమీ కనబడదు. పాత గౌను పిల్ల తల్లి ఎప్పుడో చనిపోయింది, తాళం వేసిన గదిలో నాలుగు రోజులు ఒక మడత ఎవరు విప్పారో నేను చెప్పలేను. ఎవరి కోసం విప్పారో అసలే చెప్పలేను. దారం తడికి జారిందేమో, ఆ కొండల్లో ఇళ్లలోకి వచ్చే మబ్బు వల్లేమో అని ఇంట్లో గుడ్డ ముక్క మీద ఎన్నిసార్లో కుట్టి, తడిపి, ఆరబెట్టి చూశాను. ఒక్కసారీ ఊడలేదు.

ఇప్పటికీ ఎవరైనా అడిగితే నేను దయ్యాల్ని నమ్మనని గట్టిగానే చెబుతాను. నమ్మితే ఆ రోజు పన్నెండింటికి పళ్లు బిగించి నేను కుట్టి మూసింది ఏమిటో కూడా నమ్మాలి. అది నమ్మి నేను బతకలేను.