వదిన చేసిన కైమా కెసడియాలు

మొన్న ఖమ్మంలో కొత్తగా పెట్టిన బేకరీ ముందు 'చికెన్ కెసడియా' అని పెద్ద బోర్డు చూసి, నడిరోడ్డు మీద ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ పేరు నోరు తిరగక మా అమ్మ దాన్ని 'మడత రొట్టె' అంటుంది. మా ఇంట్లో ఆ మడత రొట్టె మీద అయినంత గొడవ పొలం గట్ల మీద కూడా కాలేదు.

అన్నయ్యకు భద్రాచలంలో ఎరువుల దుకాణం. మిర్చికి మంచి రేటు వచ్చినా, ఏమీ లేక ఊరికే వాన పడినా, స్నేహితులతో డాబా మీద పార్టీ. కింద వంటింట్లో నూనె బాండీ ముందు వదినా, నేనూ. నేను చర్ల దవాఖానాలో నర్సుని. డ్యూటీ దిగి, గుంతల రోడ్డు మీద బస్సులో ఎగిరెగిరి పడుతూ వచ్చి, కొంగు దోపుకొని ఉల్లిగడ్డలు కోసేదాన్ని. ప్లేట్లు నిండుగా పైకెక్కేవి, ఖాళీగా దిగేవి. మా వంతుకు గిన్నె అడుగున మసాలా, రెండు ఎముకలు మిగిలేవి. "మగవాళ్లు తిన్నంక మనం" అనేది అమ్మ. ఆమె జీవితమంతా అట్లాగే తిన్నది.

ట్రాక్టరు కొన్నప్పటి పార్టీకి స్నేహితుల భార్యలు కూడా వచ్చారు. వదినది బోనకల్. మాట తక్కువ మనిషి. ఫోనులో చూసి కెసడియా నేర్చుకున్నానని చెప్పి, ఆ రోజు నూనె బాండీ అసలు పొయ్యెక్కించలేదు. "ఇది జల్దీ అయితది. మనం గూడ కూర్చోవచ్చు" అన్నది. అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి మటన్ కైమా నీరు ఇగిరేదాకా ముందే వేయించి పెట్టింది. సగం కాల్చిన మైదా చపాతీ మీద ఒక పక్కన కైమా పరిచి, చీజు తురిమి, మడిచి, పెనం మీద అట్లకాడతో అదిమితే చీజు కరిగి అంచుల వెంట బుసబుసా పొంగింది. వాసనకే కడుపులో ఆకలి లేచింది. ముక్కలు కోసిన మొదటి ప్లేటు పట్టుకొని నేను అలవాటుగా మెట్ల వైపు నడిచాను. వదిన నా చెయ్యి పట్టుకుంది.

"అటు కాదు. ముందు గదిలోకి."

ఆడవాళ్లందరం ముందు గదిలో కూర్చొని, వేళ్లు కాలుతున్నా ఊదుకుంటూ తింటున్నాం. అమ్మ మాత్రం ముట్టలేదు. అంతలో అన్నయ్య దిగి వచ్చాడు.

"ఏందే, పైకి ఇంకా రాలే?"

వదిన లేవలేదు. "కైమా ఉన్నది, చపాతీలున్నయ్. మడిచి కాల్చుకోండి. చాలా ఈజీ."

"మంది ముందట మాట్లాడే మాటేనా ఇది?"

"మంది ముందటే కూర్చొని తింటున్న. లేవను."

వదిన చేతిలోని ముక్క ఊదుకుంటూ తిన్నది. అన్నయ్యకు ఎదురు చెప్పిన మనిషిని ఆ ఇంట్లో నేను అప్పటిదాకా చూడలేదు. ఆయన అమ్మ వైపు చూశాడు. అమ్మ చెయ్యి చాచి ప్లేటులోంచి ఒక ముక్క తీసుకుంది. కొరికి, తీరిగ్గా నమిలి మింగింది.

"మంట తగ్గించి కాల్చు నాయనా, మాడుతది" అన్నది.

ఆ సాయంత్రం డాబా మీదివాళ్లు కొన్ని మాడ్చుకొని, కొన్ని విరగ్గొట్టుకొని తిన్నారు. అన్నయ్య చాలా రోజులు వదినతో మాట్లాడలేదు. కూసుమంచి నుంచి బాబాయి ఫోను చేసి, ఇంటి మర్యాద పోయిందన్నాడు. వదిన ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. తర్వాతి పార్టీకీ మొదటి ప్లేటు ముందు గదికే వచ్చింది, ఆ తర్వాతిదానికీ అంతే.

ఇన్నేళ్లు ఆగినవాళ్లు ఇంకాసేపు ఆగలేరా అని చుట్టాలు ఇప్పటికీ అంటుంటారు. ఇన్నేళ్లు ఆగాం కాబట్టే ఇక ఆగేది లేదు.